గాలి చొరని గది

మా అక్క ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. మిగతా రోజుల్లో ఆ నియమంతో నాకు పేచీ లేదు. జనవరి పొద్దున మాత్రం ఆ గుమ్మం దాటాలంటే ఒళ్లు మండేది. ఇల్లంతా గ్రానైటు. నేల గ్రానైటు, మెట్లు గ్రానైటు, వంటగట్టు గ్రానైటు, చివరికి గదుల గోడలకు కూడా నడుమెత్తు దాకా నల్ల గ్రానైటే. మార్టూరు రాళ్ల యూనిట్లలో పాలిష్ కుదరక పక్కన పడేసిన పలకలు మా బావకు తెలిసినవాళ్ల ద్వారా దొరికాయి. దొరికాయి కదా అని చోటున్నచోటల్లా అతికించాడు. ఎండాకాలం ఈ ఇంట్లో పడుకుంటే హాయి అని ఊళ్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. చలికాలం సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ నేల మీద ఉత్త కాళ్లతో నిలబడితే చలి అరికాళ్లలోంచి మోకాళ్లకు ఎక్కుతుంది. గోడకు వీపు ఆనిస్తే మార్చురీలో బల్ల గుర్తొస్తుంది. విలేకరిగా ఆ బల్లలు చాలా చూశాను కాబట్టి ఈ పోలిక తెస్తున్నాను. అక్క ముందు మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఊరు మార్టూరుకు దగ్గరే. ఒక పక్క మిరప, ఒక పక్క పత్తి, ఊరి చివర రాళ్లు కోసే చిన్న యూనిట్టు. బావది వ్యవసాయం. అక్క బడిలో టీచరుగా పనిచేసి రిటైరయింది. ఆ చలికాలం వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నా మేనకోడలు, పురిటికి వచ్చి ఉంది. క్రిస్మస్‌కు కాస్త ముందు ఆడపిల్ల పుట్టింది. నేను పత్రికలో పని మానేశాక గుంటూరులో ఖాళీగానే ఉంటున్నాను. "ఒరేయ్, మనవరాలు పుట్టింది, వచ్చి చూడవేందిరా, ఇంకా పేపరోళ్లు నిన్ను వదల్లేదా?" అని అక్క ఫోన్లో కేకేస్తే బస్సెక్కాను. చూసి వద్దామని వెళ్లినవాణ్ణి చాలా రోజులు ఉండిపోయాను.

మా వైపు బాలింతకూ బిడ్డకూ గాలి తగలకూడదు. మండుటెండల్లోనే తగలకూడదు, ఇక చలికాలంలో ఆ మాటే ఎత్తకూడదు. గుడికి వెళ్లేవాళ్లయినా, మాలాగా చర్చికి వెళ్లేవాళ్లయినా ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మతం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్లకు మేజోళ్లు, మూసిన తలుపు, తలుపు వెనక సాంబ్రాణి పొగ. నా తల్లి నన్ను అలాగే పెంచింది, అక్క తన కూతుర్ని అలాగే పెంచింది. కాకపోతే అప్పటి ఇళ్లు మట్టి గోడలవి, పైన తాటాకు. ఎంత మూసినా ఎక్కడో ఒక చోట ఊపిరి ఆడేది. ఈ ఇల్లు అలా కాదు. మూస్తే డబ్బా మూత పెట్టినట్టే.

ఆ గదికి తలుపు ఒకటి, కిటికీ ఒకటి, కిటికీకి పైన రెండు వెంటిలేటర్లు. కిటికీ రెక్కలు మూసి, సందుల వెంట గోధుమరంగు ప్యాకింగ్ టేపు అంటించారు. బయటి వైపు నుంచి కిటికీ మొత్తానికీ పాత ఫ్లెక్సీ ఒకటి కట్టారు. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అది. తలకిందులుగా కట్టడంతో ఆయన ఆకాశం నుంచి వేలాడుతూ మా పెరట్లో బర్రెకు నమస్కారం పెడుతున్నట్టు ఉండేది. పొద్దెక్కి ఎండ తగిలితే ఆ ఫ్లెక్సీ రబ్బరు చెప్పు కాలిన కంపు కొట్టేది. తలుపు కింది సందుకు పాత బొంత చుట్టి పెట్టారు. వెంటిలేటర్లలో గోనె సంచులు మడిచి కుక్కారు.

నేను మొదటిసారి ఆ తలుపు తీసి లోపలికి వెళ్లినప్పుడు ముఖం మీద మాసిన తడిగుడ్డ వేసినట్టయింది. సాంబ్రాణి, ఆముదం, విరిగిన పాలు, ఆరీ ఆరని పొత్తిగుడ్డలు, జలుబు మందు, అన్నీ కలిసి ఒకే వాసనై కూర్చున్నాయి. లోపలి మనుషుల ఊపిరి చల్లటి గ్రానైటు మీద నీరై కిందికి కారుతోంది. మంచం వెనక, పలక అంచు దగ్గర నల్లగా బూజు పట్టింది. వేలితో ముట్టుకుంటే జిగురుగా అంటుకుంది. ఆ వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక కాసేపు అలాగే పట్టుకు నిలబడ్డాను. అంతలో దగ్గు వచ్చింది.

"చూశావా, గుమ్మంలో నిలబడేసరికే నీకు చలి కొట్టింది," అంది అక్క. "తలుపెయ్యి ముందు."

"చలి కాదక్కా, ఈ పొగ—"

"పొగకేం రా, మంచిది. ఇదుగో, ఇది పెట్టుకో." నా నెత్తి మీద ఉన్ని టోపీ ఒకటి దిగింది. నా మాట దాని కింద ఆగిపోయింది.

మేనకోడలు మంచం మీద గోడకు దిండు వేసుకుని కూర్చుని ఉంది. తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టడంతో అందరం ఆమెతో అరుస్తూ మాట్లాడేవాళ్లం. ఆమె కూడా తిరిగి అరిచేది. పక్కన గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెర కింద పాప పడుకుని ఉంది. చుట్టిన గుడ్డల్లోంచి ఎర్రటి ముఖం ఒక్కటే కనిపిస్తోంది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. నేను చూస్తుండగానే ముఖం ముడుచుకుని దగ్గింది. అరచేతిలో పట్టే మనిషికి అంత పొడిదగ్గు ఉంటుందని నాకు తెలియదు. దగ్గి దగ్గి ఊపిరి అందక పాప నీలంగా మారబోయి, మళ్లీ ఎరుపుకు వచ్చింది. గదిలో అందరం ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి చూశాం.

"మూడు పూటలూ ఇదే వరస మావయ్యా," అంది మేనకోడలు. "పాలు సగం తాగి దగ్గుతోంది, తాగినవి కక్కేస్తోంది."

అంతకు ముందే వాళ్లు పిల్లల డాక్టరుకు చూపించి వచ్చారు. ఆయన ముక్కులో వేయడానికి చుక్కల మందు ఇచ్చి, పొగ వేయొద్దన్నాడట, గది కాస్త తెరిచి ఉంచమన్నాడట. పాలు తాగేటప్పుడు డొక్కలు లోపలికి లాగుతుంటే మాత్రం ఇక ఇంట్లో ఉంచుకోవద్దు, గుంటూరు తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చండి అన్నాడట. ఈ మాటల్లో చివరిది మాత్రమే ఇంట్లో అందరి బుర్రలోనూ నాటుకుంది. పొగ ఒక పూట ఆపి, మర్నాడు మళ్లీ వేశారు. గది తెరవమన్న మాటను అక్క అసలు లెక్కలోకే తీసుకోలేదు. "ఆయన ఏసీలో కూర్చుని చెబుతాడు. ఈ రాళ్ల మధ్య ఆయన కూతుర్ని పడుకోబెట్టమను, తెరుస్తాడో మూస్తాడో చూద్దాం," అంది.

అక్కను నేను వెటకారం చేయడం లేదు. ఆమె భయం నాకు అర్థమయింది. పాప ఆమెకు మనవరాలు, కానీ కూతురి అత్తింటివాళ్ల బిడ్డ. వాళ్ల సొత్తు మన ఇంట్లో ఉన్నప్పుడు ఏదైనా అయితే ఏం మాట వస్తుందో అని ఆమె గుండె రోజంతా కొట్టుకునేది. ఆ భయానికి తోడు వియ్యపురాలు. ఒంగోలు నుంచి ఆవిడ రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేది. పాప ముఖం చూడ్డం అయ్యాక గది తనిఖీ మొదలయ్యేది.

"వదిన గారూ, ఆ పైన ఏదో వెలుగు కనపడతా ఉందే?"

"అబ్బే, అది ట్యూబులైటండీ వదిన గారూ."

"కాదండీ, ఎడమపక్క. సంచి జారినట్టుంది. చలిగాలి ఒక్క సూదంత సందు చాలండీ. మా చిన్నాడపడుచు పిల్లకి అట్టాగే అయింది."

"అయ్యో, ఇప్పుడే సర్దుతానండీ." అక్క ఫోన్ కూతురి చేతికిచ్చి, స్టూలెక్కి, ఆ సంచిని అరచేత్తో టపటపా కొట్టి లోపలికి కుక్కేది. ఆవిడ సరేనన్నాక దిగేది. కాసేపటికి పాప దగ్గు అందుకునేది. "చూశావా," అనేది అక్క నాతో, ఏదో రుజువైనట్టు. "పొద్దు వాలిందంటే చాలు, చలి ఎట్టా పట్టేస్తోందో."

మర్నాడు ఇంకో సంచి వచ్చేది.

ఆ సంచుల గురించి చెప్పాలి. మొదట్లో వెంటిలేటర్లలో పాత చీరలు కుక్కారు. అవి పల్చగా ఉన్నాయని, గాలి ఆగడం లేదని బావ తన షెడ్డులోంచి గోనె సంచులు తెచ్చాడు. పోయిన ఏడు తాలు కాయలు నింపి, చిరుగులు పడి, యార్డుకు పంపడానికి పనికిరాక మిగిలినవి. తాలు కాయలంటే రంగు పోయి మచ్చలు మచ్చలుగా తెల్లబడ్డ మిరపకాయలు. ఏడాదిగా ఆ సంచులు ఎలుకల మధ్య షెడ్డులో మూల పడి ఉన్నాయి. నాకు వాటిని చూస్తేనే రోత పుట్టింది. ఒకదానికి ఎలుక పెంటికలు అంటుకునే ఉన్నాయి. అదే షెడ్డులో పైన, మడత విప్పని కొత్త టార్పాలిన్ పట్టా ఉంది. నీలం రంగుది, మందంగా, శుభ్రంగా.

"బావా, ఆ పట్టా కోసి వెంటిలేటర్లకు కొట్టించొచ్చు కదా," అన్నాను.

బావ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏవోయ్ బామ్మర్దీ, రేపో మాపో కోతలు. కాయ కల్లంలో పోస్తే రాత్రికి మంచు పడుద్ది. పట్టా కప్పకపోతే కాయ తెల్లబడిపోద్ది. పేపర్లో మిరప గురించి అన్నేళ్లు ఏం రాశావయ్యా నువ్వు?"

"పాపకి దగ్గు—"

"పాపకి గోనె సంచి చాలు. అది గాలి ఆపుద్ది."

కాయకు కొత్త పట్టా, పాపకు ఎలుకలు తిరిగిన గోనె. ఆయన అది దుర్మార్గంగా అనలేదు. అలవాటుగా అన్నాడు. నాకు అసహ్యం వేసింది అందుకే. పంటకు ఏం కావాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మంచు పడితే కాయ రంగు ఎంత పోతుందో, ఏ పట్టా ఎన్ని సీజన్లు ఆగుతుందో బావ నిద్రలో కూడా చెప్పగలడు. ఆ శ్రద్ధలో ఆవగింజంత ఆ గదిలోకి రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ల మనుషులకు మిరపకాయ వాసన రాదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో, కల్లంలో, రోడ్డు మీద, బట్టల్లో అదే కదా. బయటివాళ్లెవరైనా ఊళ్లోకి వచ్చి తుమ్ముతుంటే మాకు నవ్వు. పెళ్లివాళ్లు వస్తే, పెళ్లికొడుకు తుమ్మాడా లేదా అని చూసి వాడు మెట్టవాడో పట్నంవాడో తేల్చేసేవాళ్లం. నేనూ తక్కువ కాదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిరప బస్తాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి ధరవరలు రాసినవాణ్ణి. మొదటి సీజన్‌లో ముక్కుకు జేబురుమాలు కట్టుకున్నాను, రెండో సీజన్‌కు మానేశాను. ఆ ఇంట్లో ఉన్న ముక్కులన్నీ ఒకే బడిలో చదువుకున్నవి. ఒక్క పాప ముక్కే కొత్తది.

పాపకు దగ్గు హెచ్చింది. పాలు పట్టేటప్పుడు అక్క జుబ్బా ఎత్తి డొక్కలు చూసేది. మేనకోడలు చూడలేక ముఖం తిప్పుకునేది. "లాగుతున్నాయా అమ్మా?" అని గోడవైపు చూసి అడిగేది. "లేదులే," అనేది అక్క, కానీ ఆమె గొంతు గట్టిగా ఉండేది కాదు. గుంటూరు వెళ్లాల్సి వస్తే వేయాల్సిన బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు వెనక పెట్టారు. రోజూ ఆ బట్టల సంచి పక్కనుంచే నడిచేవాళ్లం, ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు. బావ మాత్రం సంచుల మీద సంచులు మోసుకొచ్చి ఇచ్చేవాడు. ఆయనకు చేతనయిన ప్రేమ అదే.

ఆదివారం పొద్దున అక్కా బావా చర్చికి వెళ్లారు. నేను వరండాలో ఎండ పడే చోట కుర్చీ వేసుకుని పేపరు తిరగేస్తున్నాను. నెత్తి మీద క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది, కాగితం చిరిగి లోపల బల్బు కనిపిస్తోంది. లోపలి నుంచి మేనకోడలి కేక వినిపించింది.

"మావయ్యా! కళ్లు! నా కళ్లు!"

పరుగెత్తాను. మంచం అంచున కూర్చుని, ఒక చేత్తో కన్ను మూసుకుని ఊగిపోతోంది. రెండో చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఏం పడింది?"

"ఏం పడలా. దోమతెర మీద దుమ్ముగా ఉందని తుడిచా. చెమట పట్టిందని అదే చేత్తో ముఖం తుడుచుకున్నా. మంట మావయ్యా, మంట!" ఆ మంటలోనే ఏదో తట్టి ఆగింది. మా ఊళ్లో పుట్టిన ఏ పిల్లకైనా ఆ మంట తెలుసు. కల్లంలో కాయలు ఏరి, మరిచిపోయి కన్ను నలుపుకుని, చెరువు గట్టు దాకా ఏడుస్తూ పరుగెత్తని పిల్ల లేదు. "ఇది... ఇది మిరపకాయ మంట."

తడిగుడ్డ నా ముందు పెట్టింది. తెల్ల గుడ్డ మీద ఇటుకరంగు మరక. ఇద్దరం ఒక్కసారే తలెత్తి చూశాం. దోమతెరకు సరిగ్గా పైన, వెంటిలేటర్లో, నిండా కుక్కిన సంచులు. అక్క రోజూ సాయంత్రం అరచేత్తో టపటపా కొట్టేవి.

మేనకోడలు ఏడవలేదు. తిట్టింది. ముందు చలిని, తర్వాత సంచుల్ని, తర్వాత తన ఒంగోలు అత్తగారిని, ఆ తర్వాత తన తల్లిని తండ్రిని, చివరికి నన్ను. "మార్కెట్ వార్తలు రాశావుగదా మావయ్యా, నీక్కూడా తెలీలా?" అంది. "పాపని బయటికి తీసుకుపో. ఎండలోకి. పో!"

పాపను గుడ్డలతో సహా ఎత్తుకుని వరండాలోకి నడిచాను. బయట ఉత్తరపు గాలి చల్లగా తగిలింది. చలిలోకి తీసుకొచ్చినందుకు నాకే భయం వేసి, ఒంటికి అదుముకుని కుర్చీలో కూర్చున్నాను. పాప ఒకసారి దగ్గింది. తుమ్మింది. ముక్కులోంచి ఏదో కారితే నా చొక్కాతోనే తుడిచాను. తర్వాత తెరిచిన కళ్లతో నక్షత్రం వైపో, వెలుగు వైపో చూస్తూ ఉండిపోయింది. దగ్గు వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది, ఒక్కటే వచ్చింది.

అక్కా బావా గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఇదీ దృశ్యం: నేను గాల్లో పాపతో కూర్చుని ఉన్నాను, లోపల బాలింత మంచం మీద స్టూలు వేసి దాని మీద నిలబడి ఉంది. అక్క చేతిలో బైబిలు, ఒంటి మీద తెల్లచీర. కేక మాత్రం చర్చికి వెళ్లొచ్చిన మనిషిది కాదు.

"ఒసేయ్! పచ్చి బాలింతవి, ఏందే ఆ ఎక్కడం! దిగు! ఒరేయ్, పిల్లని లోపలికి తీసుకురారా, నీకు మతి పోయిందా!"

"దిగుతానమ్మా. ఇదుగో, నీ చలిమందు తీసుకుని దిగుతా." సంచి ఒకటి లాగి కింద పడేసింది. తెరిచిన తలుపులోంచి పడుతున్న ఎండలో, నల్ల గ్రానైటు మీద, ఎర్రటి దుమ్ము లేచింది. దాంతో పాటు విత్తనాలు రాలాయి, పసుపు రంగువి, చిన్నవి. అక్క ముక్కు మీద చెయ్యి పెట్టుకుని దగ్గింది. ఆ ఇంట్లో ఒకళ్లు దగ్గితే, దానికి కారణం చలి అని ఎవరూ అనకపోవడం అదే మొదలు.

బావ ముందుకొచ్చి సంచి ఎత్తి, అందులో ముఖం పెట్టి గట్టిగా పీల్చాడు. తలెత్తి మా అందరినీ చూశాడు.

"ఏం వాసన లేదే," అన్నాడు.

మేనకోడలు దిగి, తడిగుడ్డ ఆయన చేతిలో పెట్టింది. "కంట్లో పెట్టుకో నాన్నా. ఇదుగో, పెట్టుకో."

ఆయన పెట్టుకోలేదు. గుడ్డ పట్టుకుని చాలాసేపు దాని వంకే చూశాడు.

ఆ మధ్యాహ్నం గదంతా కడిగారు. పొడిచీపురుతో ఊడ్చబోతే మేనకోడలు మళ్లీ అరిచింది, తడిగుడ్డతోనే తుడిపించింది. పొత్తిగుడ్డలన్నీ మళ్లీ ఉతికారు. కిటికీ టేపు పీకితే రంగు కూడా ఊడి వచ్చింది. ఫ్లెక్సీ విప్పాక ఆ నాయకుడు మడతల్లో మొహం పెట్టుకుని పెరట్లో పడి ఉన్నాడు. నేల చలికి మంచం కిందా చుట్టూ వరిగడ్డి పరిచి, మీద చాపలు వేశారు. ఆ సాయంత్రం ఒంగోలు ఫోన్ వచ్చినప్పుడు అక్క దాన్ని ముట్టుకోలేదు. మేనకోడలే ఫోన్ అందుకుంది.

"కిటికీ తెరిచారేందమ్మా!"

"ఔనత్తయ్యా. మీ మనవరాలు ఇన్నాళ్లూ మిరపపొడి పీల్చింది. ఇక గాలి పీలుస్తుంది."

ఆవిడ ఏదో అనబోయింది. ఇటు నుంచి పాప ముఖం తెర నిండా పెట్టారు. ఆ పూట తనిఖీ జరగలేదు.

దగ్గు ఒక్కరోజులో పోలేదు. డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లారు, సంగతి చెబితే ఆయన మేనకోడలి వైపు, అక్క వైపు చూసి, మందు రాశాడట. రోజు రోజుకూ తగ్గింది. పాలు కడుపులో ఆగసాగాయి. తలుపు వెనక బట్టల సంచిని మాత్రం ఎవరూ విప్పలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నా మనసులో ఇంత చేదు మిగిలేది కాదు. దగ్గు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున మేనకోడలు పెరట్లోకి వచ్చి అడిగింది. "అమ్మా, ఆ సంచులేవి?"

"ఇచ్చేశా," అంది అక్క, అంట్లు తోముతూ. గొంతులో తృప్తి. "ఆ రాళ్ల యూనిట్టు షెడ్లో ఉంటారే, ఒరిస్సావాళ్లు. వాళ్లలో ఒకామె నీళ్లకొచ్చింది. రేకుల్లోంచి గాలి కొడతా ఉందమ్మా, పిల్లలు చలికి వణుకుతున్నారు అంది. పాపం అనిపించింది. ఉన్న సంచులన్నీ ఇచ్చి పంపించా."

మేనకోడలు పాపను భుజం మీద మార్చుకుంది. "అక్కడ కూడా పిల్లలే ఉన్నారమ్మా," అంది.

అక్క చేతిలో గిన్నె ఆగిపోయింది. నా అక్క మంచి మనిషి. వర్షం వస్తే పక్కవాళ్ల బట్టలు కూడా తీసి లోపల వేస్తుంది. ఆ మంచి మనిషికి ఆ సంచులు తన మనవరాలికి మాత్రమే ప్రమాదమైనవిగా తోచాయి. గుమ్మం దాటగానే అవి దానమైపోయాయి. మా ఇళ్లలో పాడైపోయిన ప్రతిదీ, పురుగుపట్టిన బియ్యం, తడిసి గట్టిపడ్డ దుప్పటి, గడువు దాటిన మందు, ఇలాగే గుమ్మం దాటి దానమవుతుంది. ఇంత వయసు వచ్చాక కూడా దాన్ని చూస్తే నాకు డోకు వస్తుంది.

బావా నేనూ ఆయన మోటారుసైకిల్ మీద యూనిట్టుకు వెళ్లాం. కోత మిషన్ల నుంచి కారే తెల్లటి రాతిబురద మధ్యగా నడిస్తే వెనక రేకుల షెడ్లు. గుమ్మాలకు మా సంచులే తీగలతో కట్టి ఉన్నాయి. కింద పరిచిన ఇంకో సంచి మీద పసివాడు పడుకుని ఉన్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆమె లేచి నిలబడింది.

"అమ్మా, ఆ సంచులు తిరిగిచ్చెయ్," అన్నాడు బావ. "మంచివి కావు."

ఆమె మా ఇద్దరి వంకా చూసింది. "మేడం గారే ఇచ్చారు సార్," అంది. తెలుగు బాగానే వచ్చు ఆమెకు. "మళ్లీ తీసుకుంటారా?"

"వాటిలో మిరపపొడి ఉందమ్మా. పిల్లలకి దగ్గు వస్తుంది," అన్నాను.

"వస్తోంది సార్. వాసన రాగానే తెలిసింది." ఆమె మామూలుగానే అంది, వాన పడిందని చెప్పినట్టు. "చలికన్నా అది నయం అనుకున్నాం."

ఆమె వెనక, లోపల చీకట్లో, పెద్ద పిల్ల ఎవరో దగ్గింది. అది పాప దగ్గే, కాస్త పెద్ద గొంతుతో. బావ ఆ దగ్గు వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. నన్ను అక్కడే వదిలేశాడు. నేను ఆ రాతిబురదలో, ఆ మనిషి చూపు ముందు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడ్డాను. ఆమె కూర్చోమని ఒక రాతిముక్క చూపించింది. కూర్చున్నాను. చల్లగా తగిలింది.

బావ తిరిగి వచ్చినప్పుడు బండి వెనక నీలం పట్టా ఉంది, మడత విప్పనిది. కొడవలితో అక్కడే కోశాడు. ఇద్దరం కలిసి గుమ్మాలకూ రేకుల సందులకూ కట్టాం. ఇదంతా చూస్తూ ఆమె భర్త అనుకుంటాను, ఒకతను, సగం నవ్వుతో, "ఇది కూడా మళ్లీ తీసుకెళ్తారా సార్?" అన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు. ఆయన గొప్ప పని చేశాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆ పట్టా ఉండాల్సిన చోటు మొదటి రోజు నుంచీ మా షెడ్డు కాదు.

సంచులన్నీ కట్టకట్టి వెనక్కి తెచ్చాం. దారిలో అవి నా వీపుకు ఆనుకుని ఉన్నాయి, ఇంటికి వచ్చేసరికి మెడ మీద మండింది. "తగలబెడదామా?" అని అడిగాను. "తగలబెడితే ఊరంతా దగ్గుద్ది," అన్నాడు బావ. తొట్టిలో నీళ్లు నింపి వాటిని ముంచాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపాడు. మళ్లీ ఎర్రబడ్డాయి. నేను చూడలేక లోపలికి వచ్చాను.

గది తలుపు తెరిచే ఉంది. ఉత్తరపు గాలి పరదాను లోపలికి తోస్తోంది. మేనకోడలు పాపను తన చీర లోపల, ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకుంది. తలగుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు. అక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, లోపలికి వినపడేట్టు, "చలి కొడతా ఉందే, కనీసం ఆ ఒక్క రెక్కన్నా దగ్గరికి వెయ్యనా?" అంది.

మేనకోడలు పాప ఊపిరి వింటోంది. చేత్తో ఆగమని సైగ చేసి, ఇంకాసేపు విని, అప్పుడు జవాబిచ్చింది.

"చలేగదమ్మా. ఉండనీ."